‘ఊడిన మరమేకు’పై పాఠకుల అభిప్రాయాలు

‘ఊడిన మరమేకు’ అను నవలపై పాఠకుల అభిప్రాయ సేకరణ సభ, పంతొమ్మిది వందల అరవై మూడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పగలు పదకొండు గంటలకు, పులికాట్ సరస్సు నడుమనున్న కానుగదిబ్బ గ్రామంలో జయప్రదంగా జరిగింది. విమానాల భద్రత గురించిన నవలపై సభను, విమానం మాట అటుంచి బస్సు కూడా పోని దీవిలో ఎందుకు పెట్టారని అడిగేవారు ఉండవచ్చు. గ్రంథాలయ సంఘం అధ్యక్షులు, ఉప్పు శాఖలో రిటైరైన ఇన్‌స్పెక్టరు రంగనాయకులు గారి ఇల్లు అక్కడ ఉంది. అంతకు మించిన కారణం మినిట్సు పుస్తకంలో కూడా లేదు.

నవల రాసిన చెంచురామయ్య గూడూరులో ఒక అభ్రకం కంపెనీ గుమాస్తా. విమానం ఎక్కి ఎరగడు. కాని రెండున్నరేళ్ళపాటు నెలకో ఆదివారం మద్రాసు వెళ్ళి, మీనంబాకంలో కటకటాల ఇవతల నిలబడి, విమానాలు దిగడం, లేవడం చూసి వచ్చాడు. మూర్ మార్కెట్‌లో ఇంజన్ల మరమ్మతు పుస్తకం ఒకటి కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. మొగుడు విమానాల మీద పడ్డాడే గాని పేకాట మీద పడలేదు గదా అని ఆయన భార్య ఆదిశేషమ్మ సరిపెట్టుకున్నది.

కథ చిన్నదే. నలభై ఏడుగురితో బయలుదేరబోతున్న విమానం ఇంజన్లో ఒక మరమేకు వదులైందని వీరాస్వామి అనే మెకానిక్ కనిపెడతాడు. టైము దాటిపోతున్నదని అధికారులు కేకలేస్తారు. అతను పోయి చక్రం ముందు బాసింపట్టు వేసి కూర్చుంటాడు. చివరికి పెద్ద అధికారి దిగివచ్చి, మూత విప్పించి చూసి, అతని భుజం తడతాడు. నలభై ఏడు ప్రాణాలు నిలుస్తాయి. పదిహేడో ప్రకరణంలోని ఆ పద్నాలుగు పేజీలు రాస్తూ చెంచురామయ్య రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు.

పుస్తకం వెలువడగానే ఉత్తరాలు రాసాగాయి. నెల్లూరు పాఠకుడొకరు, పేరులో ఊడిందని చెప్పి లోపల మరమేకును ఊడనివ్వకపోవడం రెండు రూపాయలిచ్చి కొన్నవారిని మోసగించడమేనని రాశారు. విమానం శనివారం తొమ్మిదీ పదికి బయలుదేరినట్టు ఉన్నది గనుక, అది రాహుకాలం గనుక, మరమేకు ప్రస్తావనే అనవసరమని గూడూరు పోస్టుమాస్టరు గారు తేల్చారు. సంగం రైతు ఒకాయన అరవైమూడో పేజీ చూసి తన ఆయిలింజను బాగుచేసుకున్నాననీ, కథ చదవలేదనీ, చదివే ఉద్దేశం కూడా లేదనీ కృతజ్ఞతలతో తెలియజేశారు. తన ప్రతిలో ఎనభై ఒకటి నుంచి తొంభై ఆరు దాకా పేజీలు లేకపోవడం వల్ల కథ చురుకుగా నడిచిందని ఇంకొకరు మెచ్చుకున్నారు. చెంచురామయ్య అన్నిటినీ వరుసగా ఫైలులో పెట్టాడు. అభిప్రాయం అభిప్రాయమే గదా.

సభకు రైలు దిగి, పడవలో సరస్సు దాటి ఇరవై ముగ్గురు వచ్చారు. వచ్చేటప్పుడు రెండు విడతలుగా తీరిగ్గా వచ్చారు. అధ్యక్షులవారు తొలిపలుకుల్లో, భద్రత అనేది మానవజాతికి అత్యంతావశ్యకమనీ, తాను సర్వీసులో ఉన్న ముప్పై ఏళ్ళలో ఒక్క ఉప్పుబస్తా కూడా ఆకాశం నుంచి పడలేదనీ చెప్పి చప్పట్లు అందుకున్నారు. ముఖ్య అతిథి, రైసుమిల్లు యజమాని గంగులయ్య గారు, రెండో కూర్పు అచ్చువేయించే భారం తనదని ప్రకటించి, రచయితకు వెండిపూత పళ్ళెం బహూకరించారు. తరువాత నెల్లూరు కాలేజీ లెక్చరరు ఆనందబాబు గారు విమర్శ చేశారు.

“నవలలో సాంకేతిక పరిజ్ఞానం అమోఘం. కాని వాస్తవికత లోపించింది. నెలకు నూరు రూపాయల జీతగాడు చక్రం ముందు కూర్చుంటే విమానం ఆగుతుందా? ఆగినా, పెద్ద అధికారి వచ్చి వాడి మాట వింటాడా? ఇది పాఠకుడి తెలివిని అవమానించడం” అన్నారాయన.

సభ మొత్తం తల ఊపింది. నవల చదివినవారు ముగ్గురే అయినా, ఈ విషయంలో చదవనివారు మరింత గట్టిగా ఊపారు. చెంచురామయ్య మొహం చిన్నబోయింది.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మాల్యాద్రి నోరు విప్పాడు. రేవులో పడవ నడిపే సరంగు అతను. చదువు రాదు. దీవిలో బడిపంతులమ్మ ప్రమీలమ్మ సాయంత్రాలు చావడిలో నవలను చదివి వినిపిస్తే పది రోజులు ఒక్క పేజీ పోనీకుండా విన్నాడు.

“ఆ మెకానిక్కు చేసింది సరిగానే ఉండాది సామీ. పాడైందని తెలిసినోడు చెప్పకపోతే ఇంకెవురు చెప్తారు?” అన్నాడు.

సభ్యులు ఆప్యాయంగా నవ్వారు. సామాన్యుడి అభిప్రాయం కూడా నమోదు చేసుకొమ్మని అధ్యక్షులవారు కార్యదర్శిని ఆదేశించారు. ఆయన నమోదు చేయడం మరిచిపోయారు. చెంచురామయ్య మాత్రం, రెండున్నరేళ్ళు కటకటాల దగ్గర నిలబడింది ఈ ఒక్క మాట కోసమే అనుకున్నాడు.

భోజనాల్లో రొయ్యల వేపుడు మూడుసార్లు వడ్డించడం వల్ల తిరుగు ప్రయాణం ఆలస్యమైంది. ఇరవై ముగ్గురూ రేవుకు వచ్చేసరికి నాలుగున్నర. సూళ్ళూరుపేటలో పాసింజరు ఆరింటికి. మాల్యాద్రి పడవ అడుగు తడిమి చూసి, పలకల సందున కుక్కిన నార వదిలిందనీ, పన్నెండు మందికి మించి ఎక్కితే ఒప్పదనీ, రెండు విడతలుగా పోవాలనీ చెప్పాడు. ఆ మాట నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. రెండో విడతలో పోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. వాస్తవికత గురించి అందరికంటే ఎక్కువసేపు మాట్లాడిన ఆనందబాబు గారు అప్పటికే పడవలో మంచి చోటు చూసుకుని కూర్చున్నారు.

మాల్యాద్రి పడవ తోసే గెడ ఒడ్డున పారేసి ఇసుకలో కూర్చున్నాడు.

“రేవు వేలంపాట వచ్చే నెలలో ఉండాది. గుర్తుపెట్టుకో” అన్నారు సాగనంపవచ్చిన రంగనాయకులు గారు, చాలా మృదువుగా.

మాల్యాద్రి ఆయనను చూడలేదు. చెంచురామయ్యను చూశాడు. “పుస్తకం రాసినోళ్ళు, మీరు చెప్పండి సామీ” అన్నాడు.

చెంచురామయ్య పడవ వైపు చూశాడు. పడవలో గంగులయ్య గారున్నారు, ఆయన చేతిలో రెండో కూర్పు ఉంది. రేపు సోమవారం, ఆఫీసులో హాజరుపట్టీ ఉంది. చివరికి చెంచురామయ్య, “కొంచెం చూసుకుని పోనియ్యి మాల్యాద్రీ” అన్నాడు.

మాల్యాద్రి లేచి గెడ తీసుకున్నాడు.

సగం దూరం పోయాక నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. గంగులయ్య గారు వెండిపూత పళ్ళెంతోను, ఆనందబాబు గారు తన బూట్లతోను తోడిపోశారు. మాల్యాద్రి పడవను లోతు లేని వైపు తిప్పి బురదలో ఎక్కించకపోతే ఏమయ్యేదో చెప్పడం కష్టం. అక్కడ నుంచి నడుం లోతు నీళ్ళలో అందరూ నడిచారు, ఆనందబాబు గారు తప్ప. ఆయనను మాల్యాద్రి వీపున మోశాడు. స్టేషను చేరితే పాసింజరు గంటన్నర లేటని తెలిసింది.

ప్లాట్‌ఫారం మీద బట్టలు పిండుకుంటూ సభ్యులు అత్యవసర సమావేశం జరిపారు. ఇరవై ముగ్గురూ క్షేమంగా చేరారు గనుక ప్రమాదమేదీ జరగలేదనీ, సరంగు అనవసరంగా భయపెట్టాడనీ తీర్మానించారు. చెంచురామయ్య కూడా చెయ్యెత్తాడు.

రెండో కూర్పు శ్రావణంలో వచ్చింది. పాఠకుల అభిప్రాయాన్ని గౌరవించి రచయిత పదిహేడో ప్రకరణాన్ని తిరగరాశాడు. అందులో వీరాస్వామి మరమేకు వదులైందని చెబుతాడు. టైమైందని అధికారి అంటాడు. వీరాస్వామి సలాము చేసి పక్కకు తప్పుకుంటాడు. మొత్తం అర పేజీ. ప్రతులన్నీ మూడు నెలల్లో చెల్లిపోయాయి. ఈసారి ఎంతో సహజంగా ఉన్నదని జిల్లా నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి.

ఒక్క కార్డు మాత్రం వేరుగా ఉంది. దస్తూరీ ప్రమీలమ్మది, మాటలు మాల్యాద్రివి. “పుస్తకం విన్నాను సామీ. విమానం దిగిందో లేదో రాయలేదు. లోపలుండే నలభై ఏడుమంది ఏమైనారు?”

చెంచురామయ్య ఆ కార్డును చాలాసార్లు చదువుకున్నాడు. అన్ని వందల పాఠకుల్లో ఆ ప్రశ్న అడిగినవాడు ఇంకొకడు లేడు. చివరికి జవాబు రాశాడు. విమానం సకాలంలో బయలుదేరినదనీ, ఆ విషయమై పాఠకులందరూ పూర్తి సంతృప్తి వెలిబుచ్చి ఉన్నారనీ తెలియజేశాడు.