పదహారేళ్ళ పైపుల అనుభవం

"నా పానా ఏది?" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

"నీ పానా ఏమిటి, మన పానా అను," అన్నాడు పైపులాయన పడకగదిలోంచి. సూట్‌కేసు మూత పడటం లేదని దానిమీద కూర్చుని ఉన్నాడు.

"మన అనడానికి మీరు దాన్ని ఎప్పుడైనా పట్టుకున్నారా?"

"ఇందాకే పట్టుకున్నాను. పెట్టెలో పెట్టాను."

"ఎందుకు?"

"విదేశంలో పైపులు బిగించడానికి వెళ్ళేవాడి పెట్టెలో పానా లేకపోతే కస్టమ్స్ వాళ్ళు ఏమనుకుంటారు?"

"సింకు కింద నీళ్ళు కారుతున్నాయి. ముందు నేనేమనుకోవాలో చెప్పండి."

ఆ బుధవారం పొద్దున ఇంట్లో ఎవరికీ టీ సమయానికి అందలేదు. అది తన పానాయే అనడానికి భార్య దగ్గర సాక్ష్యం ఉంది. చెయ్యి జారకుండా దాని పిడికి నీలం గుడ్డ చుట్టి కుట్టింది ఆవిడే. ఆ నీలం గుడ్డ కంపెనీవాళ్ళే వేసి పంపుతారని పైపులాయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

ఇంతకీ పైపులాయన పైపులు బిగించేవాడు కాదు. పైపుల సామాను అమ్మే దుకాణంలో పదహారేళ్ళుగా కౌంటరు వెనక నిలబడే మనిషి. పైపును మలుపు తిప్పే ఎల్బో ముక్కల్లో అరంగుళంది ఏదో, ముప్పావంగుళంది ఏదో కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలడు. ఆ ముక్క దుకాణం గడప దాటాక దాని గతి ఏమవుతుందో మాత్రం ఆయనకు తెలియదు. ఇంట్లో కుళాయి కారితే సరైన ముక్క తెచ్చి బల్లమీద పెట్టేవాడు. మర్నాటికి కారడం ఆగిపోయేది. మధ్యలో ఏం జరుగుతోందని ఆయన పదహారేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అలాంటివాడు ఈ చిక్కులో ఎలా పడ్డాడంటే, చర్చిలో ఇచ్చిన ఒక కాగితం వల్ల.

ఆ చర్చికి విదేశంలో చెల్లెలులాంటి చిన్న చర్చి ఒకటి ఉంది. దానికో చిన్న బడి, బడిలో ఎనభైమంది పిల్లలు ఉన్నారు. గొట్టపు బావి తవ్వారు గాని, బావి నుంచి బడి దాకా పైపు లేదు. పద్నాలుగు రోజుల సేవాయాత్రకు ఒక బృందం వెళ్ళాలన్నారు. ఇంటికి ఒకరే పేరివ్వాలి. 'మీకు తెలిసిన పని' అని కాగితంలో ఒక గడి. పైపులాయన ముందు కూర్చున్నాయన 'వైద్యుడు' అని రాశాడు. పక్కనావిడ 'ఉపాధ్యాయురాలు' అని రాసింది. అవి చూశాక 'కౌంటరు' అని రాయడానికి ఈయనకు చెయ్యి రాలేదు. భార్య పెన్ను మూత తీసేలోపే కాగితం లాక్కుని, 'పైపుల పని, పదహారేళ్ళ అనుభవం' అని రాసి మడిచి చర్చి పెట్టెలో వేసేశాడు. ఆవిడ మళ్ళీ పెన్నుకి మూత పెట్టుకుంది.

ఎలాగూ తనను పిలవరని ఆయన ధీమా. మొట్టమొదట పిలిచింది ఆయన్నే.

రెండు వారాల తర్వాత ఆ బడి నుంచి ఒక ఫోటో వచ్చింది. సున్నం వేసిన పొడుగాటి గోడ, గోడమీద సుద్దతో గీసిన అయిదు గుర్తులు. అయిదు కుళాయిలూ అక్కడే రావాలట. గోడ ముందు పిల్లలు సీసాలు పట్టుకుని నిలబడ్డారు. 'మా పిల్లలు మీ పైపులాయన కోసం రోజూ ప్రార్థిస్తున్నారు' అని ప్రధానోపాధ్యాయురాలు వెనక రాసింది. ఆ ఫోటో ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చారు. ఆ రోజు నుంచి పైపులాయనా ప్రార్థన మొదలుపెట్టాడు, ప్రయాణం ఆగిపోవాలని. అక్కడ ఎనభైమంది, ఇక్కడ ఈయనొక్కడు. ఎవరి ప్రార్థన నెగ్గుతుందో వేరే చెప్పాలా?

టీకా పడకపోతే ఆపేస్తారేమోనని ఆశపడ్డాడు. బృందానికి పెద్ద ఒక రిటైరైన నర్సమ్మ. ప్రతి పెట్టెనీ కొక్కేనికి తగిలించి తూచేది కాబట్టి అందరూ తూకం సిస్టరు అంటారు. మనిషికి సొంత బట్టలు అయిదు కిలోలు, బడి సామాను పద్దెనిమిది కిలోలు అని ఆవిడ శాసనం. సూది చూడగానే పైపులాయన కళ్ళు తేలేశాడు. "ఇందులో ఏముంది బ్రదర్, చూడండి," అంటూ తూకం సిస్టరు తోడొచ్చిన భార్య చేతికి ముందు పొడిచి చూపించింది. ఆవిడ కిక్కురుమనలేదు. తర్వాత ఈయనకు పొడిచింది. మిగతావాళ్ళకు రెండు రోజులు జ్వరం. ఈయనకు దోమ కుట్టినంత కూడా లేదు.

పానా తగువు జరిగిన బుధవారం సాయంత్రమే పాస్టరుగారి దగ్గర నుంచి కబురు వచ్చింది. శనివారం పొద్దున చర్చి వెనక గోడకు రెండు కుళాయిలు బిగించి చూపించాలట. బృందం అంతా చూసి నేర్చుకుంటుందట. సోమవారం టికెట్లకు పేర్లు ఇచ్చేస్తారట.

పైపులాయన కుర్చీలో కూలబడ్డాడు.

"నా పని అయిపోయింది," అన్నాడు.

"మొదలుపెడితే కదండీ అవడానికి," అంది భార్య.

"వేళాకోళం కాదే. అక్కడ ఎనభైమంది పసివాళ్ళు. ఆ సుద్ద గుర్తులు కలలోకి వస్తున్నాయి. అయిదూ కళ్ళలా తెరుచుకుని నన్నే చూస్తున్నాయి."

"వెళ్ళి పాస్టరు అయ్యగారితో నిజం చెప్పండి."

"చెప్పి, ఆదివారం ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే. అందరికీ అలవాటేగా."

చివరికి గురువారం పాఠం మొదలైంది. పైపులాయన సింకు కింద వెల్లకిలా పడుకున్నాడు. భార్య పక్కన చతికిలబడి టార్చి పట్టుకుంది.

"కుడివైపు తిప్పితే బిగుస్తుంది."

"ఎవరి కుడి? నాదా, పైపుదా?"

"పైపుకి కుడి ఎడమలు ఉంటాయా?"

"పడుకున్నాక నాకే తెలియడం లేదు."

ఆయన తిప్పాడు. అంతవరకూ చుక్కలుగా కారింది కాస్తా ధార కట్టి నేరుగా కాలర్లోకి దిగింది. లేవబోతే తల సింకుకు తగిలింది. ఇంటర్ చదివే కూతురు పుస్తకం మూసి వచ్చి చూసి, తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్ళిపోయింది. హాల్లో కూర్చున్న అత్తగారు, "అల్లుడుగారికి స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టకపోయావా తల్లీ," అంది.

తల తుడుచుకుంటుండగా ఆయనకు ఉపాయం తట్టింది.

"శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో ఎవరూ ఉండరు. నువ్వు వచ్చి బిగించెయ్యి. శనివారం నేను చివరి బిగింపు అని పానా తగిలిస్తాను. సరిపోతుంది."

భార్య టార్చి ఆర్పింది. "మరి అక్కడ ఆ అయిదు కుళాయిలూ ఎవరు బిగిస్తారు?" అని అడిగింది.

"ప్రభువు చూసుకుంటాడు."

"ఆయన వడ్రంగి అండీ. ప్లంబరు కాదు."

ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన ఫోటో దగ్గరికెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఈ గోడ ఇటుకదా, రాయిదా?" అంది. జవాబు ఆయన్ని అడగలేదు, ఫోటోనే అడిగినట్టుంది. తర్వాత, "సరే, రేపు వస్తాను," అంది.

శుక్రవారం ఆవిడ గంటన్నరలో ముగించింది. పైపు కోసింది, మరలకు తెల్ల టేపు చుట్టింది, ముక్కకు ముక్క తగిలించింది. పైపులాయన గేటు దగ్గర కాపలా. వెళ్ళేముందు ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది.

"రేపు పానా ఊరికే తాకించండి. తిప్పొద్దు. ఆ మూల ఎల్బో ప్లాస్టిక్‌ది. తిప్పితే పగులుతుంది. మళ్ళీ చెబుతున్నాను, తిప్పొద్దు."

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

శనివారం బృందం అంతా గోడ ముందు నిలబడింది. పక్కనే బడి పిల్లలకు తీసుకెళ్ళే రంగు కాగితాల పెట్టెలను తూకం సిస్టరు కొక్కేనికి తగిలిస్తోంది. భార్య లోపల హాల్లో పాటల పుస్తకాలు సర్దుతోంది.

"ఆగలేక నిన్ననే వచ్చి పని కానిచ్చేశాను," అన్నాడు పైపులాయన. "ఇక చివరి బిగింపే. దీన్ని బట్టే పనివాడెవడో తెలిసిపోతుంది."

పానా తాకించాడు. తిప్పలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

"ఎంత పొందిగ్గా ఉంది బ్రదర్! దేవుడిచ్చిన చెయ్యి!" అన్నాడు పాస్టరుగారు.

కౌంటరు వెనక పదహారేళ్ళలో ఆయన చేతిని ఎవరూ మెచ్చుకోలేదు. ఆ మాట తట్టుకోలేక అర చుట్టు తిప్పాడు. ఇంకెవరో "ఆహా" అన్నారు. ఇంకో అర చుట్టు తిప్పాడు.

ఎల్బో టప్పున పగిలింది.

పైపులాయన రెండు చేతులతో మూశాడు. ఒక్క ధార రెండైంది. ఒకటి పాస్టరుగారి తెల్ల చొక్కా మీదికి, రెండోది రంగు కాగితాల పెట్టెల్లోకి పోయింది. అప్పుడే తూచిన పెట్టె కళ్ళెదుటే బరువెక్కడం చూసి తూకం సిస్టరు గావుకేక పెట్టింది.

"వాల్వు కట్టెయ్యండి బ్రదర్! వాల్వు ఎక్కడుంది?"

"దాని నంబరు తెలుసు సిస్టర్, చోటు తెలియదు!" అని, పైపులాయన బతుకుమీద ఆశ వదిలేసి, "ఏమేవ్! రావే!" అని అరిచాడు.

భార్య వచ్చింది. మెట్టు పక్కనున్న రేకు మూత ఎత్తి వాల్వు కట్టేసింది. నీళ్ళు ఆగాయి.

"తిప్పొద్దని రెండుసార్లు చెప్పానా? నిన్న నేను ఎంత జాగ్రత్తగా బిగించి వెళ్ళాను!"

అందరూ ఆవిడ వంక, తర్వాత ఈయన వంక చూశారు. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా పైపులాయన తల దించుకున్నాడు. తడిసిన రంగు కాగితాల నీళ్ళు ఎర్రగా, పచ్చగా ఆయన కాళ్ళ కింద నుంచి పారుతున్నాయి. ఆ కాగితాలు ఎవరికోసమో ఆయనకు గుర్తొచ్చింది.

"అయ్యగారూ," అన్నాడు, "నాకు ముక్కలు అమ్మడం తప్ప బిగించడం రాదు. ఇంట్లో కుళాయిలన్నీ ఈవిడే బాగుచేస్తుంది. నేను వెళితే ఆ పిల్లలకు చుక్క నీరు రాదు. నా పేరు కొట్టెయ్యండి."

పగిలిన ముక్క విప్పుతున్న భార్య ఇటు తిరక్కుండానే చెయ్యి చాపింది. ఆయన చెయ్యి ఎప్పుడూ నాలుగు దుకాణం ముక్కలుండే జేబులోకి వెళ్ళి, చూడకుండానే, సరైన కొలత ఎల్బో తీసి ఆ చేతిలో పెట్టింది. పది నిమిషాల్లో రెండు కుళాయిలూ శుభ్రంగా వచ్చాయి. పాస్టరుగారు అదే నీళ్ళతో మొహం కడుక్కుని, "మీ ఇంటి నుంచి ఎవరి పేరో మీ ఇంట్లోనే తేల్చుకోండి. సోమవారం చెప్పండి," అన్నాడు.

ఇంటికొచ్చే దారిపొడుగునా పైపులాయన ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. పోయిన పరువులో కొంతైనా దొరుకుతుందేమో. త్యాగం చేసినవాణ్ణి లోకం మరీ అంతగా నవ్వదు.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేనొక నిర్ణయానికి వచ్చాను."

"కూర వేసుకో నాయనా, చల్లారుతోంది," అంది అత్తగారు.

"ఈ యాత్రకు నా బదులు ఇంటావిడ వెళుతుంది. నా అవకాశం నేను వదులుకుంటున్నాను."

ఎవరి చెయ్యీ ఆగలేదు. కూతురు మజ్జిగ గిన్నె దగ్గరకు లాక్కుంది.

"ఎవరూ ఆశ్చర్యపోరేం?"

"గురువారమే తెలుసు నాన్నా. ఎవరు ఏ రోజు వంట చెయ్యాలో అమ్మ తలుపు వెనక అంటించింది. మీకు నాలుగు రోజులు పడ్డాయి."

పైపులాయన భార్య వైపు తిరిగాడు. "పాస్‌పోర్టు?"

"మీ దాంతో పాటే తీయించారుగా. డబ్బాలో ఉంది."

"టీకా?"

"మీకంటే ముందే పడింది."

"సరే," అన్నాడు నీరసంగా. "పెట్టెలోంచి నా బట్టలు తీసేస్తాను."

"అవి గురువారం సాయంత్రమే బీరువాలోకి వెళ్ళిపోయాయి," అంది అత్తగారు. "రెండు రోజులుగా ఆ పెట్టె నా కూతురిదే. అయిదు కిలోలకు పావు తక్కువే వచ్చింది."

ఆయన మెతుకులు కెలుకుతూ గురువారం నుంచి జరిగినవన్నీ వరసగా పెట్టి చూసుకున్నాడు.

"ఏమేవ్, నేను తిప్పుతానని నీకు ముందే తెలుసా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను వద్దన్న పని మీరు చెయ్యకుండా ఉన్నది ఏదైనా ఉందా?" అంది ఆవిడ, ఆయన కంచంలో కూర వడ్డిస్తూ. "నిజం మాత్రం మీరే చెప్పారు. అది నేను అనుకోలేదు. అందుకే ఇంకో గరిటె వేస్తున్నాను."

ఆయన వంటింటి వైపు చూశాడు. "మరి సింకు కింద కారేది?"

"బకెట్టు పెట్టాను. నిండగానే పారబొయ్యండి. దానికి అనుభవం అక్కర్లేదు. నా పానా మాత్రం నాతో వస్తుంది."

ఈసారి మన పానా అనడానికి ఆయనకు నోరు రాలేదు.