పైనున్నవన్నీ కిందికి

మొదటి షిఫ్టుకు పోయే ముందు దేవదాసు చాయ్ తాగుతూ పాఠం వల్లె వేస్తున్నాడు. మర్నాడే మెట్రిక్ పరీక్ష. పాసైతే బొగ్గుబాయిలోకి దిగే పని తప్పి, పైన ఆఫీసులో కూర్చునే నౌకరీ దొరుకుతుందని ఆశ. నాలుగో తరగతితో బడి మానేసిన అతని భార్య అనసూర్య, ఏడాదిన్నర కొడుకు కొమురెల్లిని చంకనేసుకుని ఒక్క ముక్క పోకుండా వింటోంది.

"ఎత్తు మీదున్న వస్తువు లోపట, దాన్ని లేపినోని కష్టం దాగుంటదట. గా అటక మీది గంగాళం జూడు. మనం ఎక్కియ్యనీకి వడ్డ కష్టమంతా దాన్లనే ఉన్నది. పడ్డదనుకో, ఒక్కపారే బయటికొస్తది."

చెప్పి అతను డ్యూటీకి పోయాడు. అనసూర్యకు మాత్రం కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ గంగాళం ఎక్కించిన నాడు ఆమెకు మూడు రోజులు నడుము పట్టేసింది. ఆ మూడు రోజుల నొప్పీ ఇప్పుడు సరిగ్గా కొడుకు ఊగే తొట్టెల మీదే కాచుకుని కూర్చుందన్నమాట!

కింద పరుపు వేసి గంగాళాన్ని జార్చింది. తర్వాత అటక మీది బట్టల సందుగ. తర్వాత ఉట్టి. గోడ మీది ధర్మపురి నర్సింహస్వామి పటాన్ని లెంపలేసుకుని మరీ దించింది. ఆఖరికి తొట్టెల కూడా ఎత్తు మీదే ఉందని తోచి దాన్నీ విప్పింది. ఇంట్లో అడుగు పెట్టే జాగా లేక సామానంతా వాకిట్లో గుట్ట పోసింది.

పక్క క్వార్టర్ ఐలవ్వ బుగ్గన వేలేసుకుంది. "ఏందే పిల్లా, అంత బయటేసినవ్?"

"పిల్లగానికి గండం అక్కా! గిన్నొద్దులు ఈ ఇంట్ల ఎట్ల పండుకున్నమో!"

ఐలవ్వకు అంతే చాలు. అనసూర్య వాళ్లు దయ్యానికి జడిసి క్వార్టర్ ఖాళీ చేస్తున్నారని క్వార్టర్ల లైనంతా చెప్పేసింది. ఆ లైన్లలో ఒక రివాజు ఉంది. ఖాళీ అయిన క్వార్టర్లో ముందు ఎవరు పొయ్యి రాజేస్తే ఇల్లు వారిదే. క్వార్టర్ దొరక్క రెండేళ్లుగా గుడిసెలో ఉంటున్న మొగిలి మధ్యాహ్నానికల్లా బండి కట్టుకుని వచ్చేశాడు. అతని భార్య రాజక్క వస్తూనే నిప్పు ముట్టించి ఎసరు పెట్టేసింది.

"మేమెక్కడికీ పోతలేం!" అంది అనసూర్య.

"పొయ్యి అంటుకున్నదమ్మా, ఇగ మాట లేదు," అంది రాజక్క. " ఏమయ్యా, మన సందుగ అటకెక్కియ్యి!"

"ఇంటి ముచ్చట తర్వాత! ముందుగాల గా సందుగ దించున్రి!" అని అరిచింది అనసూర్య, అటకెక్కుతున్న పెట్టెను చూసి.

దేవదాసు షిఫ్టు దిగి వచ్చేసరికి సగం లైను అక్కడే ఉంది. తన సామాను వాకిట్లో, మొగిలి సామాను అటక మీద.

"గిదంతా ఏందే?"

"నువ్వే గదయ్యా చెప్పినవ్! పిల్లగాని మీద పడొద్దని అన్నీ దించిన."

"పిల్లగాడేడి?"

అప్పుడు అందరూ తలలెత్తారు. అనసూర్య పేర్చిన గుట్ట మీద, సందుగ పైన, బోర్లించిన గంగాళం పైన కొమురెల్లి నిలబడి ఉన్నాడు. వాళ్ల సొత్తు మొత్తంలో ఎత్తు మీద మిగిలిన వస్తువు వాడొక్కడే.

"బాపూ!" అని చేతులు చాచి దూకేశాడు.

దేవదాసు పట్టుకున్నాడు. పట్టుకున్న ఊపుకు వెనక్కి పోయి రాతి గడప మీద దభీమని కూలబడ్డాడు. పిల్లవాడు కిలకిలా నవ్వాడు. తండ్రి మాత్రం నడుము పట్టేసి లేవలేకపోయాడు. ఆ పాటు చూసి మొగిలి గప్‌చుప్‌గా సందుగ దించుకున్నాడు. రాజక్క పొయ్యి ఆర్పి, కాగిన ఎసరు నీళ్లను నడుముకు కాపడం పెట్టుకొమ్మని ఇచ్చి పోయింది.

మర్నాడు పరీక్షలో సరిగ్గా ఆ ఎత్తు మీది వస్తువు ప్రశ్నే వచ్చింది. దేవదాసు జవాబు నిలబడి రాశాడు.