మామగారి లారీకి తగిన గ్రాఫిక్స్ కార్డు

చేతిలో ఉన్న డబ్బుకు సరిగ్గా సరిపోయే గేమింగ్ కంప్యూటర్ ఈ భూమి మీద ఇంతవరకు తయారు కాలేదు. తయారైనవన్నీ అంతకు మూడు వేలు ఎక్కువవి. ఇది ప్రకృతి నియమం. దీన్ని అమలు చేయడానికి ఒక సంఘం కూడా ఉంది.

రంగుల కొట్టు యజమానికి ఈ సంగతి నలభై ఏడో ఏట తెలిసింది. అంతవరకు అతను పెయింటు డబ్బాలు, బ్రష్షులు, లప్పం అమ్ముకుంటూ, లోకంలో ప్రతిదాన్నీ చదరపు అడుగుకు ఎంత పడిందన్న లెక్కలోనే చూసుకుంటూ హాయిగా బతికాడు. (పెళ్ళి విషయం అడిగినా "గిట్టింది" అనేవాడు. అతని నోట అంతకన్నా పెద్ద పొగడ్త ఎవరూ వినలేదు.)

కంప్యూటర్ అవసరం మామగారి వల్ల వచ్చింది. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు లారీ నడిపిన మనిషి. రెండు నెలల క్రితం కంటి డాక్టరు అక్షరాల బోర్డు చూపించి నాలుగో వరుస చదవమన్నాడు. చదవలేకపోయేసరికి ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. అప్పటినుంచి మామగారు కూతురింట్లో కిటికీ పక్కన కూర్చుని, వీధిలో బళ్ళు వెనక్కి తీసేవాళ్ళకు లోపలినుంచే "రైట్... రైట్... కొంచెం లెఫ్ట్" అని చెబుతున్నారు. వాళ్ళకు వినపడదు. వినపడదని ఆయనకూ తెలుసు.

ఒక ఉదయం కిటికీ దగ్గర ఆయన కనిపించలేదు. కూతురు ఇల్లంతా వెతికి పెరట్లోకి వెళ్తే, కొట్టు సరుకు వేసే వ్యానులో డ్రైవరు సీట్లో ఉన్నారు. ఇంజను ఆన్ చేయలేదు. ఊరికే గేర్లు మారుస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ మొదటికి.

"ఏవండీ, నాన్న ఇవాళ తాళం లేకుండా ఎక్కారు. రేపు తాళం తీసుకుని ఎక్కుతారు," అందామె భర్తతో. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తూ రోజుకు నలభై మందిని కుర్చీల్లో కూర్చోబెట్టే మనిషి కాబట్టి, ఎవరు ఎంతసేపు కుదురుగా కూర్చుంటారో చూడగానే చెప్పగలదు. "మా డాక్టరుగారు ఖాళీగా ఉంటే కంప్యూటర్లో లారీ తోలుతుంటారు. స్టీరింగ్, పెడళ్ళు అన్నీ ఉంటాయి. నాన్నకు అది పెట్టించండి. ఈ నెలాఖరుకల్లా."

"ఎంతలో?"

"నలభై వేలు. దాటనివ్వకండి."

"నేనా దాటనిచ్చేది?" అన్నాడు అతను. అప్పటికి ఆ మాట నిజమే.

వ్యాన్ తాళం చెవి ఆ రోజునుంచి అతని జేబులోనే పడుకుంది.

సరుకు కొనేముందు నలుగురిని అడగడం అతని అలవాటు. ఫోన్‌లో "చవక గేమింగ్ కంప్యూటర్ సలహా సంఘం" దొరికింది. నలుగురు కాదు, నలభై ఒక్క వేలమంది. సంఘానికి నియమావళి ఉంది. నాలుగో నియమం ప్రకారం సభ్యుడి బడ్జెట్‌ను ఎవరూ హేళన చేయరాదు, దానికి మూడు వేలు కలపమని మాత్రమే సూచించవచ్చు. తొమ్మిదో నియమం ప్రకారం ఇద్దరు సభ్యులు ఒకే భాగాన్ని సిఫార్సు చేస్తే, రెండోవారు మొదటివారిని అనుకరించినట్టు భావించి వారం రోజులు బయట కూర్చోబెడతారు.

చేరగానే పదిహేడు గళ్ళ ఫారం ఒకటి నింపాలి. గది వెడల్పెంత, బల్ల ఎత్తెంత, వేసవిలో ఫ్యాను ఎన్నో నంబరు మీద తిరుగుతుంది, లోపలి లైట్లు ఏ రంగువి కావాలి, అన్నీ అడిగారు. ఈ కంప్యూటర్ ఎవరికి, దాంతో ఏం ఆడతారు అనే గడి లేదు. తన కొట్లో కూడా గోడ కొలత అడుగుతారు తప్ప ఆ ఇంట్లో ఉండేదెవరని అడగరు. అందుకని అతనికి అది లోపంగా తోచలేదు.

కొనదలచిన భాగాల జాబితా అతను ఉదయం పదింటికి పెడితే, పదీ రెండుకు సంఘం వాట్ల విభాగం పెద్దాయన విచారం వ్యక్తం చేశారు. "బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు బాగా చిన్నదండీ. ఒక్క మూడు వేలు వేస్తే పై మెట్టుది వస్తుంది." వేశాడు. పై మెట్టు కార్డుకు పాత పవర్ సప్లై చాలదట. ఇంకో మూడు వేలు. ఆ పవర్ సప్లై పట్టాలంటే పెట్టె పెద్దది కావాలి, పెద్ద పెట్టెకు ఫ్యాన్లు మరో రెండు కావాలి. ఇంకో మూడు. ఇంత కార్డు పెట్టుకుని మామూలు తెర పెడితే, ఏనుగుని కొని గుమ్మానికి కుక్క గొలుసుతో కట్టినట్టుంటుందని ఒక సభ్యుడు అన్నాడు. ఇంకో మూడు. కొత్త తెర జాబితాలోకి వచ్చాక చూస్తే, దానికి ఆ కార్డు చిన్నదైంది.

గోడకు రంగు కొనడానికి వచ్చినవాడికి ముందు లప్పం, దానికన్నా ముందు ప్రైమరు, దానికన్నా ముందు గరుకు కాగితం కట్టిపంపే వృత్తిలో అతనికి ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. తన పట్టే తన మీద పడుతుంటే గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? గుర్తుపట్టాడు. మెచ్చుకున్నాడు. అయినా నాలుగుసార్లూ వేశాడు. ఎన్నడూ పన్నెండు వేలు పెంచలేదని, పెంచిందల్లా మూడేసి వేలేనని భార్యకు లెక్క కట్టి చూపించాడు.

"మొత్తం యాభై రెండు కదండీ," అంది ఆమె.

"మొత్తం చూడకూడదు. మెట్టు మెట్టూ చూడాలి."

"మా దగ్గర కూడా ఒక్కో పన్నుకే బిల్లు చెబుతారు. చివరికి నోరంతా అవుతుంది."

ఈ సంభాషణ వింటున్న మామగారు కిటికీ దగ్గరనుంచి అడిగారు. "అల్లుడూ, ఇంతకీ బండి ఏ రూటుకి? లోడెంత?"

"అంటే, మావయ్యా?"

"అది తెలీకుండా ఇంజను ఎలా చెబుతున్నారయ్యా వాళ్ళు?"

అతనికి సబబుగానే తోచి, ఆ ప్రశ్నను సంఘం ముందు పెట్టాడు. పదకొండో నియమం (విషయానికి సంబంధం లేని చర్చ) కింద పది నిమిషాల్లో తొలగించారు.

ఇక నెలాఖరుకు ఆరు రోజులే ఉన్నాయి. మరో మూడు వేలంటే భార్య ఒప్పుకోదు. కొనుగోలు వాయిదా వేసే విభాగం తరఫున ఒకాయన "వచ్చే నెల కొత్త మోడళ్ళు వస్తున్నాయి, ఆగండి" అన్నారు. (ఆయన ఆరేళ్ళుగా ఆగుతూనే ఉన్నారు. సంఘంలో అత్యంత గౌరవనీయులు. ఆయనకు కంప్యూటర్ లేదు.) ఆగడం కుదరదనేసరికి వ్యవహారం పొదుపు ఉపసంఘానికి వెళ్ళింది. కార్డు మళ్ళీ పెంచాలంటే ఎక్కడో కోయాలి. వేగం పెంచని వస్తువులేవో ఉపసంఘం గుర్తించి తీసేసింది. స్పీకర్లు పోయాయి. ఆ కింద వరుసలో స్టీరింగ్, పెడళ్ళు పోయాయి.

"లారీ ఆటకండీ. స్టీరింగ్ ఉండాలి కదా," అని రాశాడు అతను.

"స్టీరింగ్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. కార్డు ఇప్పుడు తప్పితే తప్పినట్టే," అని జవాబు. ఎంత తిరగేసి చూసినా ఆ మాటలో అతనికి తప్పు కనబడలేదు. వ్యాపారంలో ఒక మాటకు అంతకన్నా యోగ్యత అక్కర్లేదు.

నెలాఖరు ఆదివారం కంప్యూటర్ ముందు గదిలో వెలిగింది. పెట్టె లోపల ఏడు రంగుల లైట్లు తిరుగుతున్నాయి. తెర మీద సెకనుకు నూట ఎనభై బొమ్మలు మారుతున్నాయని మూలన ఒక అంకె చెబుతోంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. చేతులు రెండూ పైకెత్తి, పట్టుకోవడానికి ఏమీ లేక, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"స్టీరింగేదయ్యా?"

"ప్రస్తుతానికి ఈ బాణాల మీటలు, మావయ్యా. ఇది ఎడమ, ఇది కుడి."

మామగారు వేలుతో కుడి మీట నొక్కారు. లారీ కుడివైపు కాలవలో పడింది. తీసి పెడితే ఎడమ మీట నొక్కారు. అటువైపు స్తంభం ఉంది. నాలుగోసారి గుద్దాక కళ్ళజోడు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నారు.

"ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క యాక్సిడెంటు లేదు నాకు. ఇవాళ నాలుగు," అన్నారు నెమ్మదిగా. "బండి మంచిదే అల్లుడూ. వేగం బావుంది." లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు.

భార్య అతని వంక చూసింది. వెళ్ళి కంప్యూటర్ ఆపేసింది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

అతను సంఘానికి ఫిర్యాదు రాశాడు. ఈసారి ఆడేది ఎవరో, వయసెంతో, కళ్ళెలా ఉన్నాయో అన్నీ వివరంగా పెట్టాడు. ఇలాంటి ఫిర్యాదులు బాటిల్‌నెక్ అధికారి దగ్గరికి వెళ్తాయి. మొత్తం యంత్రాన్ని వెనక్కి లాగుతున్న భాగం ఏదో తేల్చడం ఆయన ఉద్యోగం. అధికారి మూడు గంటలు పరిశీలించి, పట్టికతో సహా నివేదిక పంపారు. ప్రాసెసరులో లోపం లేదు. కార్డులో లేదు. తెర అద్భుతం. సెకనుకు నూట ఎనభై బొమ్మలు వస్తుంటే అందులో ముప్పై కూడా అందుకోలేకపోతున్న భాగం ఒకటే ఉంది, అది మామగారు. వీలైతే ఆ భాగాన్ని మార్చుకోవాలని సిఫార్సు.

అతను రెండుసార్లు చదివాడు. నెల రోజులుగా బాగా అలవాటైపోయిన వేలు దానంతటదే కదిలింది.

"మారిస్తే ఇంకెంత పడుతుందండీ?"