పిల్లి నవ్విన తర్వాత

"నేటితో కథలు చదివే యుగం అంతరించింది! కథలను విశ్లేషించే యుగం ఆరంభమైంది!"

ఇంత పెద్ద సంగతిని మా స్కూలు డ్రాయింగు గదిలో, కాళ్లు కుదురుగా లేని బల్ల వెనక నిలబడి ప్రకటించాడు నిపుణుడు. ఇంగ్లీషు టీచర్లం అందరం చప్పట్లు కొట్టాం. ఒక యుగం అంతరిస్తుంటే ఊరుకుంటే ఏం బాగుంటుంది!

నిపుణుడు పెద్దాఫీసు మనిషి. ఇంగ్లీషు బోధనకు కొత్త ప్రమాణాలు వచ్చాయట. వాటిని మా బుర్రల్లోకి ఎక్కించి, ఏ పీరియడు ఉండాలో ఏది ఊడాలో తేల్చి, సాయంత్రానికి సంతకం పెట్టి పోవడం ఆయన పని. ఊడేవాటిలో మొట్టమొదటిది నాది. రోజూ చివరి పీరియడులో పిల్లలకు ఊరికే కథ చదివి వినిపిస్తాను. ప్రశ్నలుండవు, మార్కులుండవు. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. టీచరునైనందుకు నాకు హాయిగా ఉండేది ఆ కాసేపే.

"ఊరికే వింటే ఏ ప్రమాణం నెరవేరుతుందండీ?" అన్నాడు నిపుణుడు.

"పిల్లలకు సంతోషంగా ఉంటుందండీ."

"సంతోషాన్ని కొలవలేం. కొలవలేనిది టైంటేబుల్లో ఉండకూడదు."

"నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నానండీ!" అన్నారు మా హెడ్మిస్ట్రెస్ గారు. నిన్నటిదాకా మా తరగతి కిటికీ పక్కన నక్కి నిలబడి కథ విన్న మనిషి ఆవిడ!

ఇక మాదిరి పాఠం. ఆయన టీచరు, మేం పిల్లలం. వెనక బెంచీలో చేరిన, ఎప్పుడూ కునికిపాట్లు పడే మా నిద్ర మాస్టారు అప్పుడే "సార్, వీడు గిల్లుతున్నాడు సార్!" అని నా మీద చాడీ చెప్పారు. హెడ్మిస్ట్రెస్ గారు ముందు బెంచీలో చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు.

నిపుణుడు బోర్డు మీద ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాడు. వాటి అర్థం ఇది: తాతగారి కట్టుడు పళ్లు కనిపించలేదు. ఇల్లంతా వెతికాడు. అప్పుడు పిల్లి ఆయన్ను చూసి నవ్వింది.

"తాత పరిస్థితి ఏమిటి?"

"బోసినోరు సార్!" అన్నారు నిద్ర మాస్టారు.

"ఆధారం?"

"పళ్లు లేవు కదండీ!"

"భేష్! ప్రమాణం నెరవేరింది." బోర్డు మీద టిక్కు పడింది.

పొద్దుటిపూటంతా తాతను విశ్లేషించాం. భోజనాలయ్యాక ఆయన వెతుకులాటకు చార్టు గీశాం. పిల్లి దగ్గరికి వచ్చేసరికి హెడ్మిస్ట్రెస్ గారు ఆగలేక చెయ్యెత్తారు.

"ఇంతకీ అది ఎందుకు నవ్విందండీ? పళ్లు ఎత్తుకుపోయింది అదేనా?"

"అది ముగింపు. ముగింపు మన ప్రమాణాల్లో లేదు" అన్నాడు నిపుణుడు.

గదిలో అందరి మొహాలూ వాడిపోయాయి. నిద్ర మాస్టారికి నిద్ర కూడా పట్టలేదు. సాయంత్రం నా కథల పీరియడు రద్దు చేస్తూ నిపుణుడు సంతకం పెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. రేపు పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

గేటు దాకా వచ్చానో లేదో, వెనక నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. చూస్తే నిపుణుడే! అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మీరు కథలు చదివే మనిషి. మీకు తెలిసే ఉంటుంది. పిల్లి నవ్వాక ఏమైందండీ? పెద్దాఫీసు వాళ్లు నాకూ మూడు వాక్యాలే ఇచ్చారు. ఎన్ని స్కూళ్లలో చెప్పానో! మా ఆవిడకు ఈ కథ చెప్పి తప్పుచేశాను. మిగతాది చెబితే గానీ అన్నం పెట్టనంటోంది."

నాకు తెలిస్తే కదా! అయినా గొంతు సవరించుకున్నాను. "తెలుసండీ. కానీ కథ చెప్పాలంటే కథల పీరియడు ఉండాలిగా!"

ఆయన అక్కడికక్కడే కాగితం తీసి, గేటుకు ఆనించి, 'రద్దు' అన్న మాట కొట్టేశాడు.

మర్నాడు చివరి పీరియడులో నిపుణుడు పిల్లల మధ్య బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు దర్జాగా కుర్చీ వేయించుకున్నారు. నేను అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయాను. పిల్లి నవ్వుతుంటే తాతకు ఒళ్లు మండి అద్దం ముందుకెళ్లి చూసుకున్నాడు. పళ్లు ఆయన నోట్లోనే ఉన్నాయి!

పిల్లలు బెంచీలు బాదేశారు. నిపుణుడు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. బోసినోటికి పెట్టిన టిక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మరుసటి నెల మళ్లీ శిక్షణ. ఈసారి పక్క స్కూలు టీచర్లు కూడా వచ్చారు.

"విశ్లేషణ యుగం అంతరించింది! ముగింపుల యుగం ఆరంభమైంది!" అన్నాడు నిపుణుడు.

"నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నానండీ!" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

నిపుణుడు బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం రాశాడు. అద్దంలో చూసుకుంటే పళ్లు నోట్లోనే ఉన్నాయి.

పక్క స్కూలు టీచరమ్మ చెయ్యెత్తింది. "ఎవరి పళ్లండీ? అసలేం జరిగిందండీ?"

"అది మొదలు" అన్నాడు నిపుణుడు. "మొదలు మన ప్రమాణాల్లో లేదు."