కరంజవడి జాతరలో పెద్దతెర నిర్వచనం

పుట్టుకకు, చావుకు, పెళ్లికి, చివరికి పొలం గట్టుకు కూడా నిర్వచనం ఇచ్చిన పరిపాలన 'పెద్దతెర' అన్న మాటను మాత్రం ఇన్నేళ్లుగా గాలికి వదిలేయడం చరిత్రలో చెరగని మచ్చ. జనం ఆ మాటను నోటికొచ్చినట్టు వాడేస్తున్నారు. 'పెద్దతెర మీద చూస్తేనే మజా' అంటారు. ఎంత పెద్ద? ఎవరు కొలిచారు? ఏ టేపుతో? అని అడిగితే నవ్వేసి పోతారు. ఈ అరాచకాన్ని అరికట్టడానికే జిల్లా కేంద్రంలో, పశువుల ఆసుపత్రి పైఅంతస్తులో, తెరల నిర్వచన కార్యాలయం వెలిసింది. (పైఅంతస్తుకు మెట్లు ఇంకా మంజూరు కాలేదు. ప్రస్తుతానికి నిచ్చెన ఉంది.)

ఆ నిచ్చెన ఎక్కినవాళ్లలో శేవంతాబాయి ఒకతె. ఆమె జాతరల్లో సినిమాలాడించే డేరా టాకీసు యజమానురాలు. ఒక లారీ, ఒక డేరా, ఒక మిషను, ఆ మిషను తిప్పే దస్తగీర్ చాచా, ఇదీ ఆమె సంస్థానం. చైత్రంలో కరంజవడి భైరోబా జాతర అయిదు రోజులు జరుగుతుంది. ఆ అయిదు రోజులూ డేరా నిలబడితేనే ఏడాది పొడుగునా ఆమె పొయ్యి వెలుగుతుంది. జాతర నాలుగు రోజుల్లో ఉందనగా ఆమెకు తెలిసిందేమిటంటే, కొత్త నిబంధనల ప్రకారం 'పెద్దతెర' అని మైకులో అరవాలన్నా, అసలు డేరా వేయాలన్నా, తన తెర పెద్దదేనని ముందుగా రుజువు చేసుకోవాలి.

"మీది పెద్దతెరా, బుల్లితెరా?" అని అడిగాడు నిర్వచనాధికారి హళబే, తల ఎత్తకుండానే.

"డేరా టాకీసు సాహెబ్. మా మామగారి కాలం నుంచీ..."

"మామగారికి ఈ దరఖాస్తులో గడి లేదు బాయీ. ఉన్నవి రెండే గడులు."

"అయితే పెద్దదనే రాసుకోండి."

"నువ్వంటే పెద్దదైపోతుందా? నేనొచ్చి కొలవాలి. బుల్లితెర అంటావా, ఇప్పుడే ఇచ్చేస్తాను. చూసేవాళ్లంతా ఒకే కుటుంబం అయ్యుండాలి, సోఫా ఉండాలి, అంతే."

శేవంతాబాయి కాసేపు నిజంగానే ఆలోచించింది. కరంజవడిలో సగం ఊరు ఒకరికొకరు చుట్టాలే. సోఫా దగ్గరే చిక్కొచ్చి పడింది.

మర్నాడు మధ్యాహ్నం హళబే టేపు పట్టుకుని కరంజవడి వచ్చాడు. కొలత కోసమని డేరా అప్పటికే లేచి ఉంది. నిబంధన ప్రకారం పెద్దతెరకు ఇరవై అడుగుల వెడల్పు ఉండాలి. కొలిస్తే ఇరవైరెండు వచ్చింది. శేవంతాబాయి మనసులోనే భైరోబాకు కొబ్బరికాయ మొక్కుకుంది.

"గాలొస్తే ఇంకో అడుగు పెరుగుద్ది సాహెబ్" అన్నాడు దస్తగీర్ చాచా ఉత్సాహంగా.

గాలి ఇచ్చే వెడల్పు లెక్కలోకి రాదని హళబే కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుంటూ, కాళ్లు లాగుతున్నాయని నాలుగడుగులు వేసి తెర వెనక్కి వెళ్లాడు. అక్కడ వరసగా గోనెలు పరిచి ఉన్నాయి.

"ఇక్కడెవరు కూర్చుంటారు?"

"ఆడవాళ్లు సాహెబ్" అంది శేవంతాబాయి. "ముందు మగాళ్లు, వెనక ఆడవాళ్లు, మధ్యలో తెర. డేరా టాకీసు ఎక్కడైనా ఇంతేగా."

"వెనక్కి కూడా బొమ్మ కనబడుతుందా?"

"పల్చటి గుడ్డ కదా. నీళ్లు చల్లితే ఇంకా బాగా కనబడుద్ది."

హళబే ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అధికారులకు ఉద్యోగంలో ఒకటి రెండుసార్లే వచ్చే వెలుగు అది. "అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. రెండు తెరలు. ఒకే చోట రెండు తెరలుంటే అది మల్టీప్లెక్సు" అన్నాడు.

మల్టీప్లెక్సుకు కదిలే మెట్లు ఉండాలి. (ఈ విషయంలో కార్యాలయానికి కొంత అనుభవం ఉంది, వాళ్ల నిచ్చెన కదులుతుంది.) బండ్లు నిలపడానికి నేలమాళిగ ఉండాలి. బయటి తిండి లోపలికి రాకూడదు. జొన్నరొట్టె మూట విప్పకుండా సినిమా చూసిన మనిషి కరంజవడిలో ఇంతవరకు పుట్టలేదు.

"ఒకటే గుడ్డ సాహెబ్! ఒకటే బొమ్మ!" అని మొత్తుకుంది శేవంతాబాయి.

"ఒకటే బొమ్మ" అని వత్తాసు పలికాడు చాచా. "కాకపోతే వెనక నుంచి తిరగబడి కనబడుద్ది. హీరో ఎడం చేత్తో కొడతాడు, అంతే తేడా."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. హళబే కలం ఆగింది. సెన్సారువాళ్లు సర్టిఫికెట్టు ఇచ్చింది కుడిచేతి హీరోకి. ఎడంచేతి హీరో సినిమాకు సర్టిఫికెట్టు ఏదీ?

"అక్షరాలు కూడా తిరగబడే పడతాయిగా, ఆడవాళ్లు ఎలా చదువుతారు?" అని అడిగాడు.

"అలవాటైపోయింది సాహెబ్" అంది శేవంతాబాయి. "మా అత్త తిరగబడ్డ అక్షరాలే చదివేది. తిన్నగా రాస్తే తెలిసేది కాదు పాపం."

హళబే చెడ్డవాడు కాడు. అతనికీ ఇల్లు చేరాలని ఉంది. "వెనకవైపు నల్లగుడ్డ కట్టెయ్యి బాయీ. ఒకటే తెర, ఒకటే వైపు. ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

"మరి ఆడవాళ్లో?"

"ముందుకొచ్చి కూర్చోమను."

"మగాళ్ల మధ్యనా? ఒక్కతీ రాదు. వచ్చినా మామగారు పక్కనుంటే ముక్కుదాకా కొంగు లాక్కుంటది. ఇంక ఏం చూస్తది సాహెబ్, తన కాళ్లా?"

శేవంతాబాయి చిన్నప్పుడే కోడలిగా వచ్చి ఆ గోనెల మీదే పెరిగింది. ఇంట్లో పిల్లికూనల్లా ఉండే ఆడవాళ్లు అక్కడ కొంగు తీసేసి పగలబడి నవ్వడం, విలన్‌ని ఏడు తరాలూ కలిపి తిట్టడం, ఈలలు వేయడం చూసింది. ఏడాదికి అయిదంటే అయిదు రోజులు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటే ఒళ్లు మండింది.

"నల్లగుడ్డ కట్టను. కావాలంటే డేరాయే పీకేస్తా. చాచా, తాళ్లు విప్పు."

చాచా విప్పడం మొదలుపెట్టాడు. హళబేకు ముచ్చెమటలు పోశాయి. డేరా లేదని దరఖాస్తు తిరస్కరిస్తే ముప్పైరెండు పేజీల నివేదిక మూడు ప్రతులు చేతిరాతతో పంపాలి. అతను లారీ మెట్టు మీద కూలబడి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చదివాడు. తొమ్మిదో నియమం దగ్గర ఊపిరి పీల్చుకున్నాడు. తెర అనగా వెలుగు వచ్చి పడే వైపు మాత్రమే. కాబట్టి వెనకవైపు తెర కాదు. తెర కానిదాన్ని చూసేవాళ్లు ప్రేక్షకులు కారు. మల్టీప్లెక్సు లేదు, ఎడంచేతి హీరో లేడు, నల్లగుడ్డ అక్కర్లేదు. ఆడవాళ్లు నిక్షేపంగా కూర్చోవచ్చు.

చిన్న లాంఛనం ఒకటి మిగిలింది. డేరాలో ఉన్న ప్రతిదీ ఏదో ఒక గడిలో పడాలి. గడులు మూడు: ప్రేక్షకులు, సిబ్బంది, సామగ్రి. ప్రేక్షకులు కారని ఇప్పుడే తేలింది. సిబ్బంది అంటే జీతం ఇవ్వాలి. హళబే మూడో గడి నింపి, ముద్ర వేసి, కాగితం చేతికిచ్చి వెళ్లిపోయాడు.

జాతర తొలి సాయంత్రం అనుమతి పత్రం నిబంధన ప్రకారం ఆడవాళ్ల గుమ్మం దగ్గర గుంజకు వేలాడింది. లోపలికి వెళుతున్న బడి పంతులమ్మ ఆగి దాన్ని పైకి చదివింది.

"తెర వెనుక సామగ్రి: గోనెలు ఎనభై, తాళ్లు ఆరు చుట్టలు, నీళ్ల పీపా ఒకటి, ఆడవాళ్లు నాలుగు వందలు."

శేవంతాబాయి గొడవ ఖాయమనుకుంది. వెనక నుంచి ఒక ముసలమ్మ అడిగింది.

"మనల్ని పీపాకి ముందు రాశారా, తర్వాత రాశారా?"

"తర్వాతే అవ్వా."

"మా ఇంట్లోనూ అంతేలే" అని ముసలమ్మ కొంగు తీసేసి, గోనె మీద చోటు చూసుకుని కూర్చుంది.