మంచినీళ్లూ లంచమే

ఆ ఉదయం కుర్చీల ఫ్యాక్టరీ యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీ అధికారి వస్తాడు, అంతా చూస్తాడు, భద్రతా సర్టిఫికెట్ ఇచ్చి వెళ్తాడు. అది చేతికొస్తేనే పెద్ద కంపెనీ ఆర్డరు దక్కుతుంది. రాకపోతే సగం మిషన్లు మూలపడ్డట్టే.

అయితే ఆ కంపెనీ లాయరమ్మ ముందురోజే ఫోను చేసి లంచాల నిరోధక చట్టం గురించి హడలగొట్టింది. అధికారికి ఏ చిన్న లబ్ధి చేకూర్చినా ఆర్డరు రద్దు, పైగా కేసు. యజమాని అసలే పిరికివాడు. మేనేజరుగా ఉన్న బావమరిదిని పిలిచాడు.

"ఒరేయ్, ఆయనకి మనవైపు నుంచి ఏమీ అందకూడదు. ఏమీ అంటే ఏమీ!"

"టీ కూడానా బావా?"

"టీ పేరెత్తావంటే ఇద్దరం జైల్లో తాగుతాం."

చెప్పింది చెప్పినట్టు చేయడంలో బావమరిదిని మించినవాడు లేడు. మంచినీళ్ల క్యాన్లన్నీ స్టోరురూములో పెట్టి తాళం వేశాడు. కుర్చీలు కూడా లోపలికి తోయించాడు. కూర్చుంటే సుఖం, సుఖమంటే లబ్ధే కదా!

అధికారి మధ్యాహ్నం దాకా నిలబడే తిరిగాడు. రంపపు పొట్టు గొంతులో పడి దగ్గు పట్టుకుంది.

"కాస్త మంచినీళ్లు ఇప్పించండి."

మేనేజరు నీళ్లు నమిలాడు. పాపం, అధికారికి ఆ భాగ్యం కూడా దక్కలేదు.

"లేవండీ."

"పోనీ, కూర్చోడానికో కుర్చీ?"

"అవీ లేవండీ."

కుర్చీల ఫ్యాక్టరీలో! అధికారి మొహం కందగడ్డలా అయింది. పనివాళ్లకు తాగునీరు లేదు, కూర్చునే వసతి లేదు, సర్టిఫికెట్ ఇచ్చేది లేదని అక్కడే తేల్చేశాడు. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"మీరెలా అంటే అలా చూసుకుంటాం సార్!"

"చూసుకోవడమంటే? లంచమా?"

అధికారి దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం లాయరమ్మ ఫోను. ఇక కొంప మునిగిందనుకుంటూ యజమాని జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ పకపకా నవ్వింది.

"మిగతా ఫ్యాక్టరీలన్నీ మొదటి తనిఖీలోనే పాసయ్యాయండీ. ఎవరెంత ముట్టజెప్పారోనని మాకు ఒకటే అనుమానం. లంచం ఇచ్చినవాళ్లెవరైనా ఇంత ఘోరంగా ఫెయిలవుతారా? మళ్లీ తనిఖీ చేయించుకోండి, ఆర్డరు మీదే. అన్నట్టు, గ్లాసు మంచినీళ్లు లంచం కాదండీ బాబూ!"

యజమానికి ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి భోజనానికి కూర్చుంటూ భార్యకు సంబరంగా చెప్పాడు.

"అంతా మా తమ్ముడి చలవే. వాడి జీతం పెంచండి" అంటూ ఆవిడ ఆయనకిష్టమైన కూర గరిటె నిండా తీసింది.

"ఇది లంచం కిందికొస్తుందేమోనే!"

"అయితే వద్దులెండి" అని ఆవిడ గరిటె వెనక్కి తీసుకుంది.

బావమరిది జీతం ఆ నెల నుంచే పెరిగింది.