జీర్ణాశయం పాత్రలో అత్తగారు

ఈ కథలో ఒక మంచి మాస్టారికి జరిగిన అన్యాయానికి పూర్తి బాధ్యుడు ఆయన బావమరిది. వీధిలో అందరూ వాణ్ణి ‘స్లోమోషన్’ అంటారు. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. వాడి వీడియోలో పెళ్లికూతురు మెట్లు దిగడం మొదలుపెడితే, కిందికి చేరేసరికి ఆమె మొదటి బిడ్డకు బడికి పోయే వయసొస్తుంది. లోకంలో ఇంతమంది బావమరుదులుండగా సైన్సు మాస్టారికి వీడే దొరకడం ఆయన చేసుకున్న పుణ్యం.

ఆ బడిలో సైన్సుకు ఇద్దరు. ఒకరు మాస్టారు, రెండోవారు పక్క సెక్షన్ టీచరమ్మ. పిల్లలు తగ్గారు కాబట్టి ఒకరు చాలన్నారు పైవాళ్లు. ఎవరిని పంపాలో తేల్చడానికి తనిఖీ అధికారిణి వస్తారట. వీడియో పెట్టి పాఠం ఎవరు బాగా చెబితే వాళ్ల గురించి మంచిగా రాస్తారట. ఇన్నేళ్లూ సుద్దముక్కతో నల్లబల్ల మీద కప్పను బతికించిన మనిషికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి? మాస్టారి దిగులు పాఠం గురించి కాదు. బడి వెనక వీధిలో నూట అరవై గజాల్లో అప్పుడే ఇల్లు కట్టుకున్నారు. గోడకు ఆనుకుంటే చొక్కాకు ఇంకా సున్నం అంటుతోంది. బదిలీ అయితే ఆ ఇంటికీ ఉద్యోగానికీ మధ్య రెండు బస్సులు, ఒక పడవ.

అందుకని ఆదివారం పొద్దున్నే ఆయన ఒక చిన్న పథకం వేసుకున్నారు. వరండా గోడకు జీర్ణవ్యవస్థ పటం తగిలించాలి. ఒక అరటిపండు తినాలి. అది లోపల ఎటునుంచి ఎటు పోతుందో బెత్తంతో చూపించాలి. బావమరిది దాన్ని కెమెరాలో పట్టాలి. కాఫీ చల్లారేలోపు పని ముగియాలి.

“బావా, ఫ్రేమంతా బోసిగా ఉంది. ఒక్కడివే నిలబడితే ఎవరు చూస్తారు?” అన్నాడు బావమరిది.

“ఇది పాఠంరా. వెనక పటం ఉందిగా.”

“పటం నవ్వదు బావా. అక్కను పిలు.”

పిలవాల్సిన అవసరం రాలేదు. ఆవిడ అప్పటికే పట్టుచీర కట్టుకుని గుమ్మంలో ఉంది. “ఏవండీ, అమ్మావాళ్లకి కూడా ఫోన్ చేసేశా. తర్వాత తెలిస్తే బాగోదు,” అంది.

ఆవిడ చెప్పింది నిజమే. కెమెరా ముందు ఒక చుట్టాన్ని నిలబెట్టి మిగతావాళ్లను పిలవకపోవడం కంటే మనిషిని చంపడం నయం. చంపితే కోపం ఒక్కరికే వస్తుంది. పెళ్లి వీడియోలు తీసేవాడికి ఇది మొదటి పాఠం. మధ్యాహ్నానికల్లా అత్తగారు, మామగారు, వాళ్ల పెద్దల్లుడు ముస్తాబై దిగారు.

“ఇంతమందిని పెట్టుకుని నేను అరటిపండు ఎలా తినను?” అన్నారు మాస్టారు.

“నువ్వు కంగారుపడకు. ఊరికే నిలబడితే పాఠం అనరు కాబట్టి, తలా ఒక అవయవం ఇచ్చేద్దాం,” అన్నాడు బావమరిది.

భార్యకు నాలుక వచ్చింది. “నాలుకా? ఇన్నేళ్లు నోరు మూసుకుని కాపురం చేసినందుకా?” అని ఆవిడ సంతోషించింది. మామగారికి కాలేయం ఇచ్చారు. “పనేమైనా ఉంటుందా?” అని అడిగి, కూర్చుంటే చాలన్నాక ఆయన కుర్చీ తెప్పించుకున్నారు. అత్తగారి వాటాకు జీర్ణాశయం వచ్చింది.

“అది ఏం చేస్తుంది బాబూ?”

“అంటే అత్తయ్యగారూ... అక్కడ ఆమ్లం ఊరుతుంది.”

“ఎవరికి ఊరుతుంది?”

“అంటే, లోపలికి ఏమొచ్చినా కిక్కురుమనకుండా అరిగిస్తుంది.”

“అలా చెప్పు! ఈ సంబంధం కుదిరినప్పటినుంచీ నేను అరిగించుకున్నవి తక్కువా?” అంటూ ఆవిడ పటం పక్కకు జరిగారు.

పెద్దల్లుడికి పెద్దపేగు ఇచ్చారు. హోదాకు తగ్గట్టు పెద్దదే ఇచ్చారని ఆయన మీసం దువ్వుకున్నాడు. “ఇంతకీ దాని పనేంటి తమ్ముడూ?” అన్నాడు.

“నీళ్లు పీల్చుకుంటుంది అన్నయ్యగారూ,” అన్నారు మాస్టారు గబగబా. మిగతా సంగతి చెప్పేంత చదువు ఆయనకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

పెళ్లి వీడియో చెప్పిన రోజుకు ఇస్తే పరువు పోతుందని బావమరిది నమ్మకం. రేపు రేపంటూ తిప్పి, తనిఖీ రోజున గంట కొడుతుండగా గేటు దగ్గర పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

“ఒక్కసారి చూసుకోనీరా!”

“పెళ్లికూతురి తండ్రికి కూడా ముందు చూపించను బావా,” అని బండెక్కి పోయాడు.

తరగతి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టారు. అధికారిణి ముందు బెంచీలో కూర్చుని ముఖం చిట్లించారు. రిమోట్ హెడ్మాస్టరుగారు పట్టుకున్నారు. ఖరీదైన వస్తువేదైనా ఆ బడిలో ఆయన చేతిలోనే ఉంటుంది. తెర వెలిగింది. గులాబీ రేకులు రాలాయి. రెండు గుండెకాయ బొమ్మల మధ్య బంగారు అక్షరాలతో ‘జీర్ణక్రియ’ అని పడింది. వయొలిన్లు మోగాయి. మాస్టారు జుట్టు సవరించుకుంటూ మేడమెట్లు దిగారు. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి, ఒకసారి పైనుంచి దిగారు. ఆ తర్వాత అరటిపండు తొక్క ఊడడం మొదలైంది. ఊడుతూనే ఉంది.

మాస్టారు చెమటలు కక్కుతూ హెడ్మాస్టరు దగ్గరికి జరిగారు. “సార్, ఆపేయండి సార్.”

“ఆగవయ్యా, మీ అత్తగారి సీను నడుస్తోంది,” అన్నారాయన తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

తెర మీద అరటిపండు ముక్క రెక్కలు కట్టుకుని నాలుకనుంచి జీర్ణాశయానికి ఎగిరింది. అత్తగారు దాన్ని ఒక్క చూపు చూశారు. ముక్క కరిగిపోయింది. పిల్లలు బల్లలు చరిచారు. పెద్దల్లుడు మీసం తిప్పుతూ రాగానే ఈలలు పడ్డాయి. అంతా అయ్యాక హెడ్మాస్టరు ముఖం ముడుచుకుంది.

“ఏమయ్యా, ఈ బడికి పెద్దను. ఇందులో నేనెక్కడ?”

“అవయవాలు అయిపోయాయి సార్.”

“నన్నడిగి ఉంటే ఏ క్లోమమో సర్దుకునేవాణ్ణి కదా!”

అప్పుడు అధికారిణి లేచారు. మాస్టారు కొత్త ఇంటిని మనసులో తలుచుకున్నారు. “కాలేయం ఏ పక్క ఉంటుంది?” అని ఆవిడ పిల్లల్ని అడిగారు.

“కుడిపక్క మేడమ్! కుర్చీ వేసుకున్న తాతగారు!”

“ఆమ్లం ఎక్కడ ఊరుతుంది?”

“మాస్టారి అత్తగారిలో!” అని గది కప్పు ఎగిరిపోయేలా అరిచారు.

ఒక్క జవాబూ తప్పు లేదు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఎన్నో బళ్లు తిరిగాను మాస్టారూ, ఇలాంటి పాఠం చూడలేదు,” అన్నారు. తర్వాత పక్క సెక్షనుకు వెళ్లారు. అక్కడ టీచరమ్మ చేతులు కట్టుకుని, “నాకు ఈ వీడియోలూ అవీ రావండీ. కావాలంటే నోటితో చెబుతాను,” అంది. పాపం ఆవిడ పని అయిపోయిందని అందరూ జాలిపడ్డారు. అందరికంటే ఎక్కువ మాస్టారే జాలిపడ్డారు. జాలి ఖర్చులేని పని కదా.

ఆ సాయంత్రం ఇంట్లో బావమరిదికి రాజభోగం. “మా తమ్ముడే లేకపోతే మీ గతేంటండీ?” అంది భార్య. మాస్టారు ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో ఆయనకు తెలిసిన ఆరోగ్య సూత్రం అదొక్కటే.

వారం తిరక్కుండా హెడ్మాస్టరు తన గదికి పిలిచారు.

“మేడమ్ ఫోన్ చేశారయ్యా. నీ వీడియో అన్ని బళ్లకూ పంపుతున్నారట. అదృష్టవంతుడివి.”

“అంతా మీ దయ సార్.”

“పాఠమంతా వీడియోలోనే ఉంది కాబట్టి ఇక్కడ నీతో పనిలేదట. టీచరమ్మ పాఠం ఇంకా ఆవిడ నోట్లోనే ఉంది. అందుకని ఆవిడ ఉండాలట.”

“మరి నన్ను...?”

“పడవ దాటాక ఒక బడి ఉంది చూడు, అక్కడికి. అక్కడ కరెంటు లేదు. మనిషే కావాలన్నారు. చాలా గౌరవంగా చెప్పారులే.”

సామాను సర్దుతుంటే బావమరిది వచ్చాడు. ఖాళీగా ఉంటే కొత్త ఇల్లు పాడవుతుందని వాడికి బెంగ పట్టుకుంది. జీర్ణక్రియ చూసినవాళ్లంతా వీడియోల కోసం వాడి వెంట పడుతున్నారట, స్టూడియోకు చోటు చాలడం లేదట. తాళాలు భార్యే తీసి ఇచ్చింది. “మళ్లీ మనం ఎప్పుడైనా వస్తే...” అని మాస్టారు నసిగితే, “సొంత బావమరిదిని ఇల్లు ఖాళీ చెయ్యమనే అల్లుణ్ణి నేనింతవరకూ చూడలేదు బాబూ,” అన్నారు అత్తగారు. ఆవిడ ఆ మాట అన్నాక లోకంలో అలాంటి అల్లుడు పుట్టడం కష్టం.

మాస్టారికి పోయింది సరిగ్గా నూట అరవై గజాలు, మెట్ల కింది స్నానాలగది కాక.